మిద్దె మీది గది

హుస్సేన్‌బీ మిద్దె మెట్ల మీద కళ్ళు తిరిగి పడిపోయి ఆ గురువారానికి నాలుగు రోజులు.

ఆరేళ్ళుగా ఆమె అరబ్బు దేశంలో, ఖతీఫ్‌లో ఉమ్ము జాసిమ్ ఇంట్లో పని చేస్తోంది. పడక మిద్దె మీది రేకుల గదిలో. ఇంటికి ఎండ తగలకుండా చేయించుకున్నా, కరెంటు తక్కువ తాగే ఏసీలు పెట్టించుకున్నా, సోలార్ పలకలు బిగించుకున్నా ఖర్చులో కొంత సర్కారు తిరిగి ఇచ్చే పథకం ఒకటి వచ్చిందని విని, ఆ వేసవికి ముందే ఉమ్ము జాసిమ్ ఇల్లంతా బాగు చేయించింది. కాగితాల్లో మిద్దె మీది గది కూడా ఉంది. పైకప్పుకు ఫోమ్, గోడలకు ఫోమ్, కొత్త ఏసీ, అన్నీ పూర్తి. గదిలో మాత్రం ఒక్క మేకు కూడా కొట్టలేదు. ఆ సంగతి హుస్సేన్‌బీకి తెలుసు. పని చేయడానికి వచ్చిన స్వామికి తెలుసు. జగిత్యాల పక్క పల్లె నుంచి వచ్చి దమ్మాంలో ఒక కాంట్రాక్టు కంపెనీలో టెక్నీషియన్‌గా ఉన్నాడతను. ఆమె పడిపోయిన రోజు ఏసీల సర్వీసుకు వచ్చి, ఆమెను మెట్ల మీంచి చేతుల మీద దించింది కూడా అతనే.

బుధవారం సాయంత్రం సూపర్‌వైజర్ నయీమ్ అతనికి ఫోన్ చేశాడు. "రేపు పదింటికి ఆ ఖతీఫ్ ఇంట్ల తనిఖీ. ఆఫీసరు ఏమడిగినా తల ఊపు. నీ పని గంతే."

గురువారం గేటు తీసింది హుస్సేన్‌బీయే. నయీమ్ కారు నీడకు పెడుతున్నాడు. స్వామి ముందుగా లోపలికి వచ్చాడు.

"అక్కా, పానం ఎట్లున్నది?"

"ఉండాలే నాయనా. ఈ నాల్గు దినాలు కింద స్టోరు రూములో పండుకున్యా. ఈ పొద్దు నుంచి మళ్ళా పైకి పొమ్మనింది." గొంతు తగ్గించింది. "నువ్వేం చెప్తావు?"

"నిద్ర పట్టలే రాత్రి. ఉన్నదే చెప్తనక్కా."

వెనక నయీమ్ అడుగులు వినబడ్డాయి. ఇద్దరూ మాట ఆపేశారు. నయీమ్‌ది నిజామాబాద్. ఇరవై ఏళ్ళుగా ఇక్కడే ఉన్నాడు, అరబ్బీ ఇక్కడి వాళ్ళలాగే మాట్లాడతాడు. హుస్సేన్‌బీని చూసి "సలాం, ఆపా" అని ఉర్దూలో అన్నాడు. ఆమె పేరు విన్నవాళ్ళు ఎవరైనా ఆమెతో ఉర్దూలోనే మాట్లాడతారు. రాయచోటిలో ఆమె పుట్టిన వీధిలో అందరూ రెండు భాషలూ మాట్లాడతారని అతనికి తెలియదు. తెలుసుకోవలసిన అవసరమూ అతనికి ఎన్నడూ రాలేదు.

ఆఫీసరు కుర్రవయసు వాడు. మడమల దాకా తెల్లటి తోబు, చేతిలో టాబ్, భుజానికి చిన్న సంచీ. అతిథులు కూర్చునే మజ్లిస్‌లో ఉమ్ము జాసిమ్ ఎదురుగా కూర్చున్నాడు. ఆవిడ బడిలో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. భర్త పోయాక ఇల్లు తనే చూసుకుంటోంది. కొడుకు జాసిమ్‌కు ధహ్రాన్‌లో ఉద్యోగం, వారాంతాల్లో వస్తాడు. ఆవిడ మోకాళ్ళు అరిగిపోయి మూడేళ్ళయింది. అప్పటినుంచి ఆవిడ మెట్లెక్కి మిద్దె మీదకు పోలేదు.

కింది ఏసీలు చూశాడు ఆఫీసరు. కిటికీలకు వేసిన రెండు పొరల అద్దాలు తట్టి చూశాడు. బాగున్నాయన్నాడు. సోలార్ పలకలు చూడాలి అనేసరికి నయీమ్ ఫోన్ తీసి ముందు పెట్టాడు.

"ఇదిగో సార్, ఈ నిమిషం ఎంత కరెంటు తీస్తున్నాయో ఇందులోనే కనబడుతుంది. పై గది ఫోటోలు ఫైల్లో ఉన్నాయి. ఈ ఎండలో మీరు పైకెక్కి కష్టపడటం ఎందుకు?"

బయట ఆగస్టు ఎండ. ఆఫీసరు కిటికీలోంచి ఒకసారి చూసి మళ్ళీ కూర్చున్నాడు. టాబ్ స్వామి వైపు తిప్పాడు.

"టెక్నీషియన్ నువ్వేనా? ఇది నీ సంతకమేనా?"

హుస్సేన్‌బీ గహ్వా కాఫీ కూజా పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆఫీసరు అడిగింది ఆమెకు అర్థమైంది. ఆరేళ్ళలో ఈ ఇంట్లో ఆమె నేర్చుకున్న అరబ్బీ తక్కువేం కాదు. నయీమ్ దాన్ని మార్చి స్వామికి హిందీలో చెప్పాడు. "పని బాగా అయ్యిందా అని సాబ్ అడుగుతున్నారు."

స్వామి టాబ్ మీదికి వంగి చూశాడు. కాగితం అడుగున ఈ దేశంలో ఉండనిచ్చే తన ఇఖామా కార్డు నంబరు ఉంది. దాని పక్కన ఇంగ్లీషు అక్షరాలతో తన పేరు, కింద ఒక గీత.

"నయీమ్ భాయ్, ఇదేంది? నేను దీని మీద సంతకం పెట్టలే. పై గదిల పని కాలేదని చెప్పు సారుకు," అన్నాడు తనూ హిందీలోనే.

నయీమ్ ఆఫీసరు వైపు తిరిగి నవ్వాడు. "అవును తనదే అంటున్నాడు. పై గది పని చాలా బాగా చేశానంటున్నాడు."

స్వామికి అరబ్బీ రాదు. కానీ ఇక్కడికి వచ్చినప్పటి నుంచి వింటున్న నాలుగు ముక్కల్లో 'జైన్' అనే మాట ఒకటి. బాగుంది అని. అది చెవిలో పడగానే తల ఎత్తాడు.

"నేను గట్ల అనలే."

అప్పుడు నయీమ్ తెలుగులోకి మారాడు. ముఖం మీద నవ్వు అలాగే ఉంది. దూరంగా చూసేవాళ్ళకు ఇద్దరు ఊరివాళ్ళు సరదాగా మాట్లాడుకుంటున్నట్టే ఉంటుంది.

"స్వామీ, నవ్వుకుంట ఇను. ఈడ మన భాష ఎవలకూ రాదు. ఈ ఒక్క ఇల్లు కాదురా, పదకొండు ఇండ్ల కాయిదాల మీద నీ పేరే ఉన్నది. కాదంటివనుకో, దొంగవు నువ్వే అయితవ్, కంపెనీ కాదు. సంతకం నాదే అని తలకాయ ఊపి బయటపడు. లేకుంటే ఇయ్యాలనే నీ మీద హురూబ్ పెడుత. పని ఇడిసి పారిపోయిండని కేసైతే, జైలుకు పోతవు, ఆడికెల్లి ఇంటికి పంపుతరు. ఊరికి ఏం మొకం పెట్టుకొని పోతవు?"

స్వామి మెడ మీద చెమట కాలరులోకి జారుతోంది. ఆఫీసరు వేలు టాబ్ మీద పచ్చ గుర్తు దగ్గరికి వెళ్ళింది.

హుస్సేన్‌బీ కూజా బల్ల మీద పెట్టింది.

వచ్చే నెల ఆమె ఊరికి పోవాలి. రెండేళ్ళ తరువాత దొరికిన సెలవు. కొడుకు లాల్ అహ్మద్‌కు కూతురు పుట్టింది, ఫోన్లో తప్ప చూడలేదు ఆ పిల్లను. వెళ్ళి తిరిగి రావడానికి కావలసిన వీసా ఉమ్ము జాసిమ్ వేయించాలి. నోరు మూసుకుని కప్పుల్లో గహ్వా పోస్తే వచ్చే నెల విమానం ఎక్కుతుంది. ఆ సంగతి తెలియక కాదు. కానీ నాలుగు రోజుల కింద, పడిపోయే ముందు ఆసరా కోసం గది గోడ పట్టుకుంటే అరచెయ్యి చురుక్కుమంది. ఆ మంట ఇంకా తగ్గలేదు. ఇప్పుడు ఆ వేలు పచ్చ గుర్తు మీద పడితే ఆ గది కాగితంలో ఎప్పటికీ చల్లగానే ఉండిపోతుంది.

"సార్," అంది అరబ్బీలో. "ఆ మనిషి అనింది అది కాదు."

మజ్లిస్‌లో అందరూ ఆమె వైపు తిరిగారు.

"ఆ సంతకం నాది కాదంటున్నాడు. పై గదిలో పని జరగలేదని మీతో చెప్పమంటున్నాడు. ఈయన మీకు మార్చి చెప్తున్నాడు."

"నువ్వు లోపలికి వెళ్ళు," అంది ఉమ్ము జాసిమ్. పెద్దగా అరవలేదు. బడి పిల్లలను గదమాయించే అలవాటు ఉన్న గొంతు, అరవాల్సిన పని లేదు.

యజమానురాలిని 'మామా' అని పిలవాలి ఇక్కడ. వచ్చిన కొత్తలో ఆ మాట అన్నప్పుడల్లా హుస్సేన్‌బీకి నవ్వు తన్నుకొచ్చేది. ఇప్పుడు నవ్వు రాలేదు.

"పోను మామా. చెప్పి పోతాను."

నయీమ్ ముఖంలో నవ్వు మొదటిసారి చెదిరింది. వెంటనే సర్దుకున్నాడు. "సార్, ఈమెకు ఒంట్లో బాగాలేదు. నాలుగు రోజుల కింద పడి తలకు దెబ్బ తగిలింది. మా వాడు హిందీలో మాట్లాడింది ఈమెకు వేరేగా అర్థమైనట్టుంది."

"ఆఖరున నువ్వు హిందీలో మాట్లాడలేదు," అంది హుస్సేన్‌బీ. ఆఫీసరుకు తెలియాలని అరబ్బీలోనే అంది. "తెలుగులో మాట్లాడావు. అది నా భాష. పదకొండు ఇళ్ళ కాగితాల మీద ఇతని పేరు పెట్టామన్నావు. ఒప్పుకోకపోతే ఈరోజే హురూబ్ పెడతానన్నావు. ఇంకా ఏమేమన్నావో చెప్పమంటావా?" తరువాత అతనివైపే తిరిగి తెలుగులో అంది. "ఈడ మన భాష ఎవురికీ రాదని ఎట్ల అనుకుంటివి నాయనా? నా పేరు చూసి అనుకుంటివా?"

నయీమ్ ఆఫీసరు ముందు పెట్టిన ఫోను తీసి జేబులో వేసుకున్నాడు.

ఆఫీసరు వేలు టాబ్ మీంచి తీసేశాడు. "నువ్వు పడ్డావట, నిజమేనా?"

"నిజం సార్. ఆ గదిలోంచి దిగుతూ పడ్డాను. ఎక్కడ పడ్డానో, ఎందుకు పడ్డానో అది కూడా రాసుకోండి."

"గదికి ఫోటోలున్నాయి." టాబ్ ఆమెకు చూపించాడు. తెల్లటి గోడలు, నున్నటి పైకప్పు, గోడకు కొత్త ఏసీ. పక్కన వెలుతురు వచ్చే పెద్ద కిటికీ.

హుస్సేన్‌బీ ఆ ఫోటోను చాలాసేపు చూసింది. ఎవరిదో తెలియని గది. అందులో ఎవరు పడుకుంటున్నారో, అదృష్టవంతులు.

"నా గదికి కిటికీ లేదు సార్."

ఆ మాటకు ఉమ్ము జాసిమ్ చెయ్యి చాపింది. టాబ్ తీసుకుని కళ్ళజోడు పెట్టుకుని చూసింది. ఆ గది కట్టించింది ఆవిడ భర్త. కిటికీ పెట్టించమని ఆవిడ అడగడం, దుమ్ము వస్తుందని ఆయన వద్దనడం, ఆవిడకు గుర్తుండే ఉండాలి. టాబ్ తిరిగి ఇచ్చేసింది. సోఫా చెయ్యి పట్టుకుని లేచింది.

"నేను పైకి వస్తున్నాను."

"మామా, మీ మోకాళ్ళు..."

"నా మోకాళ్ళ సంగతి నేను చూసుకుంటా."

నయీమ్ కారులో అసలు ఫైలు ఉంది తెస్తానంటూ బయటికి పోయాడు. అతన్ని ఎవరూ ఆపలేదు.

ఒక్కో మెట్టుకూ ఆగి ఎక్కింది ఉమ్ము జాసిమ్. ఒక పక్క గోడ, ఒక పక్క హుస్సేన్‌బీ భుజం. మధ్యలో రెండుసార్లు కళ్ళు మూసుకుంది, వెనక్కి మాత్రం తిరగలేదు. మిద్దె తలుపు తీయగానే వేడిగాలి ముఖాన కొట్టింది. సోలార్ పలకలు వరసగా మెరుస్తున్నాయి. ఆ మూల నీళ్ళ ట్యాంకు పక్కన గది.

స్వామి తలుపు తోశాడు. నలుగురూ లోపల పట్టరు. ఒక మంచం, ఒక బకెట్టు, మేకులకు వేలాడుతున్న తడి దుప్పటి. దుప్పటి తడిపి గోడకు కడితే గంటసేపు నిద్ర పడుతుంది, ఎండిపోగానే మెలకువ వస్తుంది. తలుపు పైన ఇనుప తీగతో కట్టిన పాత ఏసీ. స్విచ్ వేస్తే లారీలాగా మోగింది, వేడిగాలి వదిలింది.

ఆఫీసరు సంచీలోంచి చిన్న పరికరం తీసి పైరేకు వైపు చూపించాడు. అంకె చూసి, నమ్మకం కలగక ఇంకోచోట చూపించాడు. అరవై మూడు డిగ్రీలు. దాన్ని ఫోటో తీసుకున్నాడు. గోడలు, రేకు, ఏసీ, దుప్పటి, అన్నీ తీసుకున్నాడు.

ఉమ్ము జాసిమ్ మంచం మీద కూర్చుంది. లేవడానికి గోడకు చెయ్యి ఆనించి చటుక్కున వెనక్కి తీసుకుంది. అరచెయ్యి చూసుకుంది.

"నువ్వు నాకు చెప్పావు," అంది.

"చెప్పాను మామా. మూడుసార్లు చెప్పాను."

"పని అయిపోయిందని నేను కాగితం చూపించాను."

"అవును."

పర్వాలేదు మామా అనే మాట హుస్సేన్‌బీకి నాలుక చివరే ఉంటుంది. కప్పు పగిలినా, జీతం ఆలస్యమైనా, ఎవరైనా కసురుకున్నా ముందు ఆ మాటే వస్తుంది. ఆ రోజు దాన్ని బయటికి రానివ్వలేదు. ఉమ్ము జాసిమ్ ఆ మాట కోసం కాసేపు ఎదురు చూసి, రాదని తెలుసుకుని, తల దించుకుంది.

గది బయట, ట్యాంకు నీడలో ఆఫీసరు స్వామిని నిలబెట్టాడు. ఈసారి మధ్యలో హుస్సేన్‌బీ.

"ఈ సంతకం నీది కాదని ఎలా చెప్తావు?"

స్వామి చెయ్యి చాపి ఆఫీసరు జేబులోని పెన్నూ, ఒక కాగితమూ అడిగాడు. సిమెంటు దిమ్మె మీద కాగితం పెట్టి తన సంతకం చేశాడు. గుండ్రటి తెలుగు అక్షరాలు, 'గుర్రాల స్వామి'.

"నేను ఇంగ్లీషుల సంతకం పెట్టనక్కా. నాకు రాదు. పాస్‌పోర్టు మీద గిదే ఉన్నది, సూడుమను." ఫోన్లో పాస్‌పోర్టు ఫోటో తీసి చూపించాడు. ఆఫీసరు రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు.

"మరి ఈ గదికి ఫోమ్ ఎందుకు వేయలేదు?"

"మెటీరియల్ ఇయ్యలే. అడిగితే వచ్చే వారం అన్నరు. మల్ల అడిగితే నీకెందుకన్నరు." ఆగాడు. హుస్సేన్‌బీ ముఖం చూడకుండా, ట్యాంకు కింద కారిన నీటి మరక చూస్తూ అన్నాడు. "ఇది గూడ చెప్పక్కా. ఐదు నెలలాయె, నేను సప్పుడు జేయలే. అక్క ఈ గదిల్నే పంటదని నాకు ఎరుకే. నౌకరి పోతదని భయపడ్డ. నిన్ను మెట్ల మీదికెల్లి ఎత్తుకున్నప్పుడు నీ ఒళ్ళు పెనం లెక్క కాలింది. అది నా తప్పు గూడ. రాసుకోమను."

హుస్సేన్‌బీ ఒక్క మాట మార్చకుండా చెప్పింది. 

ఆఫీసరు ఆమె వైపు తిరిగాడు. "ఇతనికి సరిగ్గా చెప్పు. ప్రస్తుతం రికార్డులో సంతకం ఇతనిదే. ఈ మాట రాసి ఇస్తే నేను పైకి పంపుతాను. విచారణ అయ్యేదాకా పదకొండు ఇళ్ళకూ మొదట అడిగేది ఇతన్నే. నిజం తేలడానికి ఎన్నాళ్ళు పడుతుందో నేను మాట ఇవ్వలేను. ఇప్పటికైనా వద్దంటే ఈ ఇంటి ఫైలు మటుకు ఆపేసి వెళ్ళిపోతాను."

ఆ మాట తగ్గించి చెప్పాలని ఒక్క క్షణం అనిపించింది ఆమెకు. తగ్గించలేదు. నయీమ్ చేసిన పని తను చేయకూడదు. ఉన్నదున్నట్టు చెప్పి, "బాగ ఆలోచించుకో తమ్ముడూ," అంది.

"మిగిలిన పది ఇండ్లల్ల గూడ మిద్దె మీద ఇసొంటి గది ఉండే ఉంటదక్కా. దాంట్ల ఎవలో ఒకలు పంటనే ఉంటరు." కాగితం తన వైపు లాక్కున్నాడు. "రాయమను. ఏడ పెట్టాలె సంతకం?"

ఆఫీసరు రాసి చదివాడు. హుస్సేన్‌బీ దాన్ని తెలుగులో చెప్పింది. స్వామి పెట్టాడు సంతకం, తెలుగులో. సాక్షి సంతకం ఎవరిదని ఆఫీసరు అడిగేలోపే ఉమ్ము జాసిమ్ గది గుమ్మం పట్టుకుని బయటికి వచ్చి పెన్ను తీసుకుంది.

"ఇల్లు నాది. నేను చేస్తాను. నాకు రావలసింది రాకపోతే పోనీ."

పెన్ను మూత పెట్టీ పెట్టకముందే స్వామి ఫోను మోగింది. మెసేజి. అరబ్బీలో ఉంది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి హుస్సేన్‌బీకి ఇచ్చాడు. ఆమె పెదవులు కదుపుతూ కూడబలుక్కుని చదివింది. మళ్ళీ చదివింది.

"ఏందక్కా?"

"హురూబ్ పెట్టేసినాడు. నువ్వు పని ఇడ్సిపెట్టి పారిపోయినావంట."

ఉమ్ము జాసిమ్ ఆ ఫోను అందుకుని ఆఫీసరు ముందు పెట్టింది. "టైము చూడు నాయనా. ఏమని ఉంది?"

"పదకొండూ ఇరవై."

"అప్పుడు ఇతను ఎక్కడున్నాడు?"

ఆఫీసరు వాచీ చూసుకున్నాడు. రాసిన కాగితం మళ్ళీ తెరిచి, స్వామి సంతకం పక్కన తేదీ కింద ఒక్కో అంకే నొక్కి పెట్టి టైము వేశాడు. పదకొండూ ఇరవై, ఆ మెసేజిలో ఉన్న టైమే.

అప్పుడే కింద గేటు దగ్గర కారు తలుపులు మూసిన చప్పుడు. ఒకటి కాదు, మూడు. హుస్సేన్‌బీ పిట్టగోడ మీంచి తొంగి చూసింది. నయీమ్ ఒక్కడే రాలేదు. వెంట కంపెనీ చొక్కాలు వేసుకున్న ఇద్దరు బలమైన మనుషులు. బండి ఇంజను ఆపలేదు, వెనక తలుపు బార్లా తెరిచి ఉంచారు. గేటు బెల్లు మోగింది. ఆగకుండా మోగుతోంది.

స్వామి మెట్ల వైపు ఒక అడుగు వేశాడు. "నా కోసమే వచ్చిండ్రు. మీ ఇంట్ల లొల్లి ఎందుకు, నేను పోత."

హుస్సేన్‌బీ అతనికి అడ్డం వచ్చి నిలబడింది. "యాడికి పోతావు? ఆ బండెక్కితే నువ్వు పారిపోయినోడివే అయితావు."

ఉమ్ము జాసిమ్‌కు ఆ మాటలు అర్థం కాలేదు. అర్థం చెప్పమని అడగనూ లేదు. జారిన అబాయా సర్దుకుంది, నఖాబు ముఖం మీదికి లాక్కుంది, మొదటి మెట్టు మీద కాలు పెట్టింది.

"ఎవరూ కిందికి రావద్దు," అంది. "ఆ గేటు నేను తీస్తాను."